మా ఇంటి పది బారలు

మొన్న కామారెడ్డి బ్యాంకులో వేలిముద్ర యంత్రం నన్ను గుర్తుపట్టలేదు. బొటనవేలు తుడిచి పెట్టినా, తడిపి పెట్టినా అంతే. కౌంటరు దగ్గరి అమ్మాయి "గీతలు అరిగినయి సార్, ఏం పని చేస్తరు?" అని అడిగింది. "కాలువ తీస్తా" అన్నాను. నా ఇస్త్రీ చొక్కా చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి చెరువు కాలువ పూడికను ఏటా ఊరివాళ్లే తీసుకుంటారు. ఇంటికి పది బారలు. చేతులు రెండూ చాపినంత పొడవు ఒక బార. బలవంతం లేదు, కూలీ లేదు, పక్కింటివాడు వచ్చాడని వీడూ వస్తాడు. మా నాయన చనిపోయిన ఏడు మాత్రం ఎవరూ రాలేదు. ఊరి వాట్సాప్‌లో బొటనవేళ్లు లేచాయి గానీ పార ఒక్కటీ లేవలేదు. ఒకప్పుడు ఊరి మీద పెత్తనం చేసిన మా గడీకి అప్పటికి మిగిలింది ఒక గోడ, కాలువ చివర రెండెకరాల మడి. చెరువు నిండినా నీళ్లు అక్కడి దాకా రాక నా నారు ఎండుతోంది. పొలాలకు నీళ్లు వదిలే నీరటి తాత ఇంటికి వెళ్లి, కూర్చోమన్నా కూర్చోకుండా, "మనుషుల్ని పిలువు" అన్నాను. మా నాయన గొంతు నాలో ఇంకా చావలేదు.

తాత బీడీ ఆర్పాడు. "పిలుస్త పటేలా, వస్తరా? తూము కాడి పది బారలు మీయి. మీ నాయిన ఉన్నన్ని దినాలు అవ్వి గూడ మేమే తీసినం. మీ ఇంటి పార ఒక్కనాడన్న దిగిందా? మొదట మీయి పూడి ఉంటే, ఎనుక మావి తీసి ఏం లాభం?"

మా ఇంట్లో అసలు పారే లేదు. ఎల్లారెడ్డి వెళ్లి కొన్నాను. మరునాడు పొద్దున్నే ఒక్కణ్నే దిగాను. బండి మీద పోతున్నవాడు ఆగి, "ఏంది పటేలా, ఉపాధి కూలీలల్ల పేరు రాయించుకున్నవా?" అన్నాడు.

"లేదు. మీ తాతలు మా ఇంటికి తీసిన మట్టి వాపస్ ఇస్తున్న" అన్నాను, నడుము ఎత్తకుండానే.

మూడు రోజులు పట్టింది. అరచేతులు పగిలాయి. మా వాటా అయిపోయిన చోట మేకు కొట్టి ఆగాను. జాలి కోసం ఇంకో బార తీయదలచుకోలేదు. నాలుగో రోజు పక్క వాటా అక్క, మొగుడు చనిపోయినామె, పార భుజాన వేసుకుని వచ్చింది. "జరుగు పటేలా. ఇవి నా బారలు." మధ్యాహ్నానికి ఏడు పారలు. వారం తిరిగేసరికి నీళ్లు నా మడిలోకి దిగాయి. అప్పటికి సగం నారు పోయింది, సగం బతికింది.

గట్టు మీద తాత అడిగాడు: "వచ్చే ఏడు గూడ వస్తవా?"

"పార కొన్న గద."

మా ఇంట్లో తల వంచడం ఎవరికీ రాదు, నాకూ రాలేదు. నడుము వంచడం మాత్రం నేర్చుకున్నాను. కాలం మా గడీని కూల్చింది, నా వేలి గీతల్ని చెరిపింది. ఆ పది బారలను కూడా ఏటా పూడుస్తూనే ఉంది; పూడ్చనీ, అవి ఏటా నావే.