టెక్సస్‌లో అడవిదున్న నీళ్ళకొచ్చే వేళ

మా మనవరాలు కెజియా విల్లుతో ఆఫ్రికా అడవిదున్నను కొడతానని నాలుగేళ్ళుగా అంటోంది. మిషిగన్‌లోని నోవైలో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. వయసు ఇరవై ఏడు, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు, ఆ దున్నల్ని పెంచి, గైడును తోడిచ్చి వేటాడించే రాంచ్‌లు టెక్సస్‌లోనే ఉన్నాయని ఆరా తీసి, మూడు రోజులకు డబ్బు కట్టేశాక ఇంట్లో చెప్పింది. మా అమ్మాయి మండిపడింది. "ముక్కూ మొహం తెలియని మగాళ్ళతో అడవిలోకి ఒక్కదానివే వెళ్తావా? అమ్మమ్మ వస్తేనే వెళ్ళు" అంది. దున్న గురించి మాత్రం ఎవరూ భయపడలేదు. అలా డెబ్బై నాలుగో ఏట నేను వేటకు బయలుదేరాను. పాలకొల్లులో ముప్పై మూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. కాబట్టి ఇందులోని వేళలూ దూరాలూ నమ్మవచ్చు.

అక్టోబరు తొమ్మిది, గురువారం. ఉదయం 5:10కి ఇల్లు వదిలాం. డెట్రాయిట్ విమానాశ్రయంలో విల్లు పెట్టెను అదనపు సామానుగా వేసినందుకు నలభై ఐదు డాలర్లు. బాణాల ములుకులు కూడా అందులోనే పెట్టాలి. చేతిసంచీలో పెడితే తీసేసుకుంటారు. కౌంటర్‌లోని అమ్మాయి పెట్టెను చూసి, మా ఇద్దర్నీ చూసి, "ఇది ఎవరిది?" అని నన్నే అడిగింది.

విమానం 8:05కి లేచింది. పక్క సీట్లో ఒహాయో పెద్దమనిషి, మనవల్ని చూడబోతున్నాడట. నేనెందుకు వెళ్తున్నానని అడిగాడు.

"అడవిదున్న వేటకు."

"మీరా?"

"కొట్టేది మా మనవరాలు. నేను రాసుకుంటాను."

తర్వాత ఆయన శాన్ ఆంటోనియో దాకా నిద్రపోయాడు, లేదా నటించాడు.

10:20కి దిగాం. అక్కడ గడియారం గంట వెనక్కి ఉంటుంది. అద్దె కారులో రెండు గంటల నలభై నిమిషాలు. దారిలో తినడానికి పెట్రోలు బంకుల్లో తప్ప ఏమీ దొరకదు, కనుక వెళ్ళేవారు ఏదైనా కట్టుకెళ్ళడం మంచిది. రాంచ్‌లో బస గుడారాల్లో. బయట చూస్తే ఆఫ్రికా. లోపల ఏసీ, నాలుగు దిళ్ళు. చూడ్డానికి వచ్చినవారికి రోజుకు నూటయాభై డాలర్లు. ఊరికే కూర్చోవడానికి ఇంత ధర నేనెక్కడా చూడలేదు.

మా గైడు పేరు డ్వేన్. అరవై ఏళ్ళవాడు, నెరిసిన మీసాలు, బూట్లదాకా దుమ్ము. "గేదెల గురించి నాకు బాగా తెలుసు. మా ఇంట్లో రెండుండేవి" అన్నాను చనువుగా. అతను టోపీ తీశాడు. "మేడమ్, ఇది పాలివ్వదు" అన్నాడు.

సాయంత్రం కెజియా చేత మూడు బాణాలు వేయించి చూశాడు. డెబ్బై ఐదు పౌన్ల బిగువున్న విల్లు. మిషిగన్‌లో ఆమెతో పాటు నేర్చుకునే మగపిల్లలు, ఇంత పిల్ల దాన్ని లాగలేదని పందెం వేశారట. నాలుగు చలికాలాలు గరాజ్‌లో లాగి లాగి సాధించింది. మూడు బాణాలూ ఒక సాసర్లో పట్టేంత దగ్గరగా దిగాయి. డ్వేన్ మీసం దువ్వుకుని నియమాలు చెప్పాడు. దున్న పాతిక గజాల్లోపు, పక్కకు తిరిగి నిలబడితేనే బాణం. ఒక్క చుక్క రక్తం కారినా, దొరికినా దొరక్కపోయినా దాని పూర్తి ధర కట్టాలి. మూడు రోజుల్లో అసలు కనిపించకపోతే కట్టిన రోజుల డబ్బు తిరిగి రాదు.

"అంటే ఇంకోసారి రావాలంటే?" అని కెజియాను తెలుగులో అడిగాను.

"మళ్ళీ ఫోర్ ఇయర్స్ సేవ్ చేయాలి అమ్మమ్మా. ఇప్పుడే అడగాలా?"

శుక్రవారం 5:50కి నీటిగుంట పక్కన దాక్కునే గుడ్డ గుడారంలో కూర్చున్నాం. ముగ్గురికి మూడు మడత కుర్చీలు, ముందు మూడు కిటికీలు. దగ్గకూడదు, కదలకూడదు. నేను ఆరింటికి వేళ రాసుకున్నాను.

"అమ్మమ్మా, ప్లీజ్, రాయకు. పేజ్ తిప్పితే సౌండ్ వస్తోంది."

ఆ తర్వాత ఒకే పేజీలో చిన్న అక్షరాలతో రాశాను. 7:15, జింకలు నాలుగు. 9:40, అడవిపంది. 10:05, డ్వేన్ కునుకు. 11:55కి అతను లేచి, భోజనం వేళయిందన్నాడు. పొదల వెనక ఆపిన ట్రక్కు దాకా ఈల వేసుకుంటూ నడిచాడు. ముగ్గురం ఎక్కాం, తలుపులు ధడాధడా వేశాం. 1:30కి తిరిగొచ్చాం. సాయంత్రం దాకా ఏదీ రాలేదు.

కానీ మధ్యాహ్నం గుంట ఒడ్డున పొద్దున లేని ఒక గిట్ట గుర్తు ఉంది. నా అరచేతంత. అందులోకి నీళ్ళు ఇంకా ఊరుతున్నాయి. చూపించాను.

"పాతదే మేడమ్. ఈ గుంటకొచ్చే ముసలి దున్నపోతు రాత్రుళ్ళే వస్తుంది" అన్నాడు డ్వేన్.

పొద్దున ఒడ్డున ఏమేం గుర్తులున్నాయో నా దగ్గర రాసి ఉందని చెప్పాను. అతను భోజనం గురించి మాట్లాడాడు.

శనివారం నేను భోజనానికి వెళ్ళలేదు. ఆ ఉదయం వంటవాడి దగ్గర అన్నం, పెరుగు తీసుకుని డబ్బాలో కలుపుకున్నాను. వాసన వస్తుందని డ్వేన్ ఆవకాయ ముందే వద్దన్నాడు. ఆ పూట నేను చేసిన త్యాగం అది. 12:02కి వాళ్ళిద్దరూ ట్రక్కు ఎక్కి వెళ్ళారు. 12:20కి పిట్టలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. 12:41కి అది వచ్చింది.

నేను నోట్లో పెట్టుకున్న ముద్ద మింగలేదు. నుదుటి మీద రెండు కొమ్ములూ కలిసి పాపిడి తీసిన జుట్టులా ఉన్నాయి. ఒళ్ళంతా ఎండిన బురద. నేరుగా నా కిటికీ వైపు చూసింది. మా గేదెలెప్పుడూ నన్నలా చూడలేదు. అప్పిచ్చి మరిచిపోనివాళ్ళు చూసినట్టు చూసింది. ఆరు నిమిషాలు నీళ్ళు తాగి, పక్కకు తిరిగి నిలబడి, ఏ తొందరా లేకుండా వెళ్ళిపోయింది. దాని గుర్తుల దాకా అడుగులు వేసి కొలిచాను: పంతొమ్మిది గజాలు.

తిరిగొచ్చాక చెబితే కెజియా కూలబడింది. "నైన్‌టీన్ యార్డ్సా? నువ్వు పెరుగన్నం తింటుంటే?"

డ్వేన్ నా పుస్తకం అడిగి తీసుకున్నాడు. తెలుగు రాకపోయినా అంకెలు చదివాడు. ట్రక్కు వెళ్ళిన వేళ, దున్న వచ్చిన వేళ. పుస్తకం మూసి తిరిగిచ్చాడు. తర్వాత, "పదకొండేళ్ళుగా నేను భోజనానికి వెళ్ళగానే అది నీళ్ళకు వస్తోందన్నమాట" అన్నాడు.

కాబట్టి ఆదివారం, అంటే ఆఖరి రోజు, ట్రక్కు వెళ్ళిపోవాలి, వేటగత్తె ఉండిపోవాలి. బాణం తగిలి దున్న మీదికొస్తే ఆపడానికి పెద్ద తుపాకీతో డ్వేన్ కూడా ఉండాలి. వంటవాడు చర్చికి వెళ్ళాడు. మిగిలింది నేను. మిషిగన్‌లో మూడోసారికి డ్రైవింగ్ పాసయ్యాను. చర్చికీ లైబ్రరీకీ తప్ప నడపను, నలభై దాటను. అంతకన్నా పెద్ద బాధ వేరే ఉంది. నాలుగేళ్ళుగా ఎదురుచూసిన ఆ క్షణాన నేనక్కడ ఉండను.

"అమ్మమ్మా, నువ్వు చూడాలి కదా" అంది కెజియా.

"నువ్వు కొట్టాలి కదా" అన్నాను.

12:01కి బయటికి నడిచాను. నాకు ఈల రాదు, కనుక గట్టిగా ఒక కీర్తన అందుకున్నాను. ఆదివారం కూడాను. ముగ్గురం వెళ్ళిపోయామని అది అనుకోవాలి కాబట్టి ట్రక్కు చుట్టూ తిరిగి మూడు తలుపులూ ఒక్కొక్కటే తెరిచి ధడాధడా వేశాను. 12:04కి కదిలాను. 1.2 మైళ్ళ దూరంలోని గేటు దగ్గర ఆపాను. డ్వేన్ వాకీటాకీలో పిలిచేదాకా కదలకూడదు.

తుపాకీ అయితే ఇక్కడికి వినబడేది. విల్లుకు చప్పుడే లేదు. 12:41 అయింది. 12:50 అయింది. ఒంటిగంట. పెద్ద తుపాకీ కూడా మోగలేదు. అది మంచికో కాదో నాకు తెలియదు. ప్రార్థన మొదలుపెట్టి, ఎవరి తరఫున చేయాలో తేలక మధ్యలో ఆపాను. ఆ దున్న నిన్న నన్ను ఏమీ చేయలేదు మరి.

1:22కి డ్వేన్ గొంతు వచ్చింది. "మేడమ్, ట్రక్కు తీసుకురండి. నెమ్మదిగానే. ఇక అదెక్కడికీ పోదు."

నెమ్మదిగానే వెళ్ళాను, ఇరవై మైళ్ళ వేగంతో. కెజియా దున్న పక్కన నేలమీద కూర్చుని ఉంది. మొహం నిండా కన్నీళ్ళు, దుమ్ము. "నీ సాంగ్ ఆగేదాకా రాలేదు అమ్మమ్మా. ఆ పొదల్లోనే నిలబడి విన్నది, ట్రక్ పోయాక మెల్లగా వచ్చింది." నేను వంగి కొమ్ము మీద చెయ్యి వేశాను. ఇంకా వెచ్చగా ఉంది. ఆపేసిన ప్రార్థన అప్పుడు పూర్తి చేశాను, దున్న తరఫునే. డ్వేన్ టోపీ తీసి, అయ్యేదాకా నిలబడ్డాడు.

సోమవారం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చి విందు కోసం పెట్టెతో కలిపి యాభై పౌన్లకు మించకుండా మాంసం ఐస్‌పెట్టెలో సర్దించాం. తూకం దాటితే విమానంవాళ్ళు ఊరుకోరు. విమానం 2:15కి. నా పుస్తకంలో ఆదివారం 12:04కీ 1:22కీ మధ్య ఐదు వరుసలు ఖాళీ. నేను చూడనిది నేను రాయను. కెజియా అప్పటికి మూడుసార్లు చెప్పింది. ఒకసారి ఇరవై గజాలు, ఒకసారి పద్దెనిమిది. మూడుసార్లూ దున్న కొంచెం కొంచెం పెరిగింది.

మేఘాల పైకి వచ్చాక ఆమె నా పుస్తకం, పెన్ను లాక్కుంది. చర్చి బడిలో నేర్చుకున్న తెలుగు. ఒక్కో అక్షరానికీ నాలుక బయటపెట్టి, నాలుగు వరుసలకు ఇరవై నిమిషాలు తీసుకుంది. ఇలా రాసింది:

"12:44. పంతొమ్మిది గజాలు. డ్వేన్ కొలిచాడు.
ఒక బాణం.
నా చేతులు చాలా షేక్ అయ్యాయి.
అమ్మమ్మ లేదు."

చేతులు వణికిన సంగతి మూడుసార్లు చెప్పినప్పుడూ చెప్పలేదు. నేను రెండుసార్లు చదివాను. వెళ్ళదలచినవారికి నేను చెప్పగలిగేది ఇంతే: దిండు తీసుకెళ్ళనక్కర్లేదు, పెరుగన్నానికి మాత్రం డబ్బా తీసుకెళ్ళండి, భోజనవేళ కూర్చోగలిగినవారిని ఒకరిని వెంటబెట్టుకోండి.

ఐదో వరుస ఖాళీగా ఉంది. పుస్తకం ఆమె ముందుకు తోసి, అక్కడ సంతకం చేయించి తారీఖు వేయించాను.