రెండు సినిమాల తల్లులు

ఓ మధ్యాహ్నం ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్లే వీడియో బస్సులో దయ్యాల కొంప సినిమా వేశారు. పాత సినిమానే కొత్త నటులతో మళ్లీ తీశారు. "పాతదే ఎక్కువ భయపెట్టింది," అన్నాను పక్క సీటులోని పెద్దామెతో.

"నేను గూడ సూసిన సార్. అండ్ల సచ్చిపోయిన పిల్ల ఇంట్ల తిరుగుతుంటె తల్లి అన్నం పెట్టి పిలుస్తది. గిండ్ల తల్లేమో తాళమేసి ఉరుకుతున్నది. గిదేం తల్లి?"

"మీకు దయ్యమంటే భయం లేదా అమ్మా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "నా బిడ్డ జెరమొచ్చి పోయి మూడేండ్లాయె. ఒక్కనాడన్న అడుగుల సప్పుడు ఇనబడ్తదేమోనని సూస్తున్న. రాలే."

పాల్వంచలో ఆమె దిగిపోయింది. తెర మీద చచ్చిపోయిన పిల్ల మెట్లు దిగుతుంటే బస్సంతా కెవ్వుమంది. నాకు భయం వేయలేదు. ఆ పిల్ల ఒంటరిగా ఎటు పోతుందోనని చూస్తూ కూర్చున్నాను. దయ్యాల సినిమాలు ఇప్పటికీ అలాగే చూస్తాను.