నోటి గాలి

మా తమ్ముడు పోయాడు. ఆ రోజు ఉదయం దేవుడి దగ్గర దీపం వెలిగించి లేస్తుంటే ఆసుపత్రి నుంచి మరదలు ఫోను చేసింది. "వదినా, నీ తమ్ముడు పోనాడు" అంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఆ మాట వస్తుందని ఇద్దరికీ ముందే తెలుసు. అయినా ఫోను పెట్టేశాక దీపం ముందు కూర్చుంటే ఏం అడగాలో తోచలేదు.

వాడి గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. వాడు గొప్పవాడేం కాదు. లారీ తోలుకునేవాడు. గాజువాకలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. ఆనందపురం పక్క ఊళ్లో పొలం చేసిన ఇల్లు మాది. వాడికి నాగలి కంటే స్టీరింగే నచ్చింది. తొంభైల్లో సొంత లారీ కొనుక్కుని పోర్టు బొగ్గు తోలడం మొదలుపెట్టాడు. నన్ను "అప్పా" అనేవాడు. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

శుక్రవారం నాడు నా పూజకు పూలు తెచ్చేవాడు. అరిటాకులో చుట్టి, క్యాబిన్లో అద్దం దగ్గర పెట్టుకుని తెచ్చేవాడు. గుమ్మం ముందు లారీ ఆపి, "నువ్వే తీసుకో అప్పా, నా సేతులు బాగోనేదు" అనేవాడు. బొగ్గు చేత్తో దేవుడి పూలు ముట్టుకునేవాడు కాదు.

సాయంత్రం ఇంటికి చేరాక మొదట చేసే పని స్నానం కాదు. ఇంజను పక్కనున్న డబ్బా మూత విప్పి, లోపలి ఫిల్టరు తీసేవాడు. గుండ్రంగా, మడతలు మడతలుగా ఉండే కాగితం అది. ఇంజను పీల్చే గాలిలోని దుమ్మంతా దాని మీదే ఆగుతుంది. బొగ్గు యార్డులో ఒక్క పూట తిరిగితే చాలు, మడతలు నల్లగా పూడిపోయేవి. దాన్ని టైరు మీద మెల్లగా తట్టేవాడు. తర్వాత రెండు చేతులా పట్టుకుని, ముఖం ఆనించి, ఒక్కో మడతా నోటితో ఊదేవాడు. ఊదాక ఎండకెత్తి, ఎక్కడైనా చిల్లు ఉందేమోనని లోపలికి చూసేవాడు.

స్టీలు ప్లాంటులో పనిచేసే మా ఆయన దాన్ని చూసి ఊరుకునేవారు కాదు. "ఏటి బావా, సన్నాయి బాగా సాధన సేత్తన్నావ్? మేళం కట్టేత్తావేటి?"

"మీ అమ్మాయి పెళ్లికి నాదే మేళం బావా. తాంబూలం మాత్రం గట్టిగా ఇవ్వాల."

"ఆ మూతితో వత్తే మగపెళ్లోరు పారిపోతార్రా."

నవ్వేవాడు. మీసాల మీద నల్లటి పొడి, మధ్యలో తెల్లటి పళ్లు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనిపించే ముఖం అదే.

ఆటోనగర్లో మిషను గాలి పెడతారు కదా, ఈ ఊదుడెందుకని ఒకసారి అడిగాను. "మిషను గాలి మోటుది అప్పా. కాయితం సిరిగిపోద్ది. సిరిగితే ఇంజను దుమ్ము తినేత్తాది. నోటి గాలయితే మెత్తగుంటాది" అన్నాడు. మూతికి గుడ్డ కట్టుకోమంటే, "గుడ్డ కట్టుకుని ఎలా ఊదుతారేటి?" అన్నాడు.

వాడి భయానికి కారణం ఉంది. ఒకసారి బంధువుల పెళ్లికి వెళ్తూ బండిని ఇంకొకరికి అప్పగించాడు. ఆ మనిషి ఫిల్టరు చూడలేదు. కాగితం ఎక్కడో చిరిగి, దుమ్ము లోపలికి పోయి ఇంజను అరిగిపోయింది. షెడ్డులో విప్పి పడేసిన ఇంజను ముందు మా తమ్ముడు గొంతుక్కూర్చుని, తెచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోలేదు. ఆ తర్వాత ఫిల్టరు మీద మరో చెయ్యి పడనివ్వలేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో మాకు తెలియదు. పోర్టు బళ్లవాళ్లందరికీ దగ్గుంటుంది. మెట్టెక్కితే ఆయాసం వచ్చిన ఏడు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందన్నారు డాక్టరు. పాడైనది బాగుకాదు, ఇక దుమ్ములోకి వెళ్లకపోతే ఉన్నదైనా నిలుస్తుందన్నారు.

వాడు మాట విన్నాడు. అది నాకు పెద్ద ఆశ్చర్యం. మా ఊరి మనిషినే డ్రైవరుగా పెట్టి, స్టీరింగు ఒగ్గేశాడు. ఆ వారం నేను సింహాచలం కొండకు వెళ్లి అప్పన్నకు దణ్ణం పెట్టుకుని వచ్చాను. మరదలు ముఖంలో వెలుగు చూశాను. ఉన్న ఊపిరి నిలిస్తే చాలు. మాకు అంతకు మించి కోరిక లేదు.

నిలవలేదు. ఇంట్లో కూర్చున్నా తరుగుతూనే పోయింది. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు మందులన్నీ చూశారు. "పోర్టుకు వెళ్తున్నారా?"

"లేదు సార్. గేటు మొకం సూడ్నేదు."

"మరి రోజంతా ఏం చేస్తుంటారు?"

"ఏటుంది సార్, కూకుంటాను. సాయంత్రం బండి వత్తే ఫిల్టరు ఊదుతాను. అదొక్కటీ ఎవులికీ ఇవ్వను."

"దేనితో ఊదుతారు?"

"నోటితోనే సార్." కొంచెం గర్వంగానే చెప్పాడు.

డాక్టరు చేతిలోని పెన్ను కింద పెట్టారు. ఎలా ఊదుతారో చూపించమన్నారు. మా తమ్ముడు రెండు చేతులూ గాలిలో గుండ్రంగా పెట్టి, ముఖం ముందుకు వంచి చూపించాడు. ఊదాలంటే ముందు పీల్చాలి కదా. పీల్చేటప్పుడు ముఖం ఎక్కడుందో అప్పుడు నాకూ కనిపించింది, మరదలికీ కనిపించింది. చేతులు అలాగే ఉంచి వాడు ఆగిపోయాడు.

ఆటోలో తిరిగొస్తున్నాం. పాత గాజువాక దాటాక, "యార్డుకి నాను పోనేదు గానీ, యార్డు దుమ్మంతా రోజూ ఇంటికే రప్పించుకున్నానేటి అప్పా?" అన్నాడు.

వాడి చెయ్యి పట్టుకున్నాను. నామం చెప్పుకున్నాను. ఇంకేం చెయ్యను?

ఆ మర్నాటి నుంచి డ్రైవరే ఫిల్టరును ఆటోనగర్ తీసుకెళ్లి మిషను గాలి పెట్టించాడు. కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు దాన్ని మంచం దగ్గరకు తెప్పించుకుని, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకునే చూశాడు. "కాయితం సిరగనేదప్పా" అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత సిలిండరు, మాస్కు. నేను పక్కన కూర్చుని స్తోత్రాలు చదువుకునేదాన్ని. వాడు వినేవాడో లేదో. దేవుణ్ని అడగవలసినంతా అడిగాను. ఇచ్చినవాటికి దణ్ణం పెట్టడం నాకు తెలుసు. ఇవ్వనిదానికి పెట్టడం ఇంకా చేతకావడం లేదు.

కర్మకాండలన్నీ అయిపోయాయి. లారీ అమ్మకానికి పెట్టాం. చూడ్డానికి మనిషి వస్తున్నాడని మొన్న మరదలు బండి కడగడానికి దిగింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, తలుపుల మీదా చక్రాల మీదా కుమ్మరించింది. నీళ్లు నల్లగా దిగి వీధి కాలవలోకి పోతున్నాయి. వచ్చిన మనిషి ఇంజను చప్పుడు విని, నచ్చిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె మళ్లీ బిందె ఎత్తింది.

"చాలమ్మా, ఇక ఒగ్గేయ్" అన్నాను.

ఆమె కాలవకేసి చూస్తూ నిలబడింది. "ఇంకా నల్లగానే వత్తంది వదినా" అని, చక్రం మీద మరో బిందె కుమ్మరించింది.