విప్పేసిన రేకు

ఒక్క వాక్యం ఇన్నేళ్ళు మోయగలనని నేను అనుకోలేదు. అది అన్నప్పుడు పెళ్ళికూడా కాలేదు నాకు. ఇప్పుడు చత్వారం అద్దాలు లేకుండా పేపరు చదవలేను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. బందరులో రోల్డ్‌గోల్డ్ పనిచేసేవాణ్ణి. పగలు గాజులకి మెరుగు పెట్టడం, సాయంత్రం గ్రంథాలయం. అక్కడ ఎవరూ ముట్టని ఇంగ్లీషు పుస్తకాల బీరువా ఒకటుండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కూడబలుక్కుంటూ చదివేవాణ్ణి. రేడియోలు, కెమెరాలు, ఇంజన్లు. అర్థమైన ప్రతి పేజీ నాకో పతకం. అది గర్వమా? గర్వమే. ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

మా వీధిలో సాంబయ్య ఉండేవాడు. చుట్టరికం లేదు, బావా అని పిలిచేవాణ్ణి. చేతులు మారి మారి వచ్చిన పాత చిన్నకారు ఒకటి కొని, మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి వెళ్ళే భక్తుల్ని కిరాయికి తిప్పేవాడు. ఇంటిల్లిపాదీ ఎక్కితే ఆ కారు మూలిగేది. కృష్ణలో స్నానాలకని పులిగడ్డ దగ్గర ఏటికట్ట ఎక్కాలంటే మగవాళ్ళు దిగి నడవాల్సివచ్చేది. స్టాండులో మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా?

“సాంబయ్య కారెక్కితే నాగులచవితికి బయల్దేరి సుబ్రహ్మణ్య షష్ఠికి చేరతాంరా! పాలు పుట్టలో పోయక్కర్లా, దార్లోనే తోడుకుంటాయి” అనేవారు.

బావ నవ్వేవాడు గానీ ఆ మాట ఇంటిదాకా మోసుకొచ్చేవాడు. కొత్త ఇంజను కొనే తాహతు లేదు. పాత చిన్నకార్లలో తక్కువ ఖర్చుతో హార్స్ పవర్ పెంచుకునే పద్ధతుల మీద ఒక పుస్తకం నా బీరువాలో ఉంది. నేను చూసుకుంటాను బావా అన్నాను.

ముందు ఖర్చులేని పనులు చేశాం. కార్బురేటర్ విప్పి పెట్రోలుతో కడిగాం. టైమింగు కొద్దిగా ముందుకి జరిపాం. డిక్కీలో ఏళ్ళుగా పడున్న ఇనుప సామాను దించేశాం. ఆ తర్వాత అసలు పని. ఇంజను పొగ ఎంత తేలిగ్గా బయటికి పోతే అంత బలం పుంజుకుంటుందని పుస్తకం చెప్పింది. గుడివాడ పాతసామాన్ల కొట్లో వెడల్పాటి పైపు వెతికి తెచ్చి, వెల్డింగు చేయించి, ఇరుకు సైలెన్సరు బదులు బిగించాం. పైపు లావైంది కదా, దాని కింద వేడి తగలకుండా ఉండే రేకు ఇక పట్టలేదు. విప్పి పక్కన పడేశాను. నా చేత్తోనే.

ఆ రేకు గురించి పుస్తకంలో ఒక హెచ్చరిక ఉంది. ఎండుగడ్డి మీద నడిచే బండికి అది లేకుండా పైపు బిగించొద్దని. చదివాను. అర్థం కూడా అయింది. ఎక్కడో గడ్డి మైదానాల దేశంలో రాసిన పుస్తకం, ఆ మాట వాళ్ళకోసం అనుకున్నాను. మనది డెల్టా. ఎటు చూసినా కాలవలు, బురద. ఇక్కడ ఎండుగడ్డి మీద కారెవడు నడుపుతాడు? బావకి ఆ పేజీ సంగతే చెప్పలేదు. చెబితే ఆపుతాడని భయమా? లేదు. నా లెక్కన అది చెప్పదగిన విషయమే కాదు.

పుట్టి పెరిగిన చోటు నాకు అంతమాత్రమే తెలుసు. వరి కోతల తర్వాత మా వైపు మినుము వస్తుంది. ఆ మొక్కలు పీకి, ఎండబెట్టి, తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే కాయ పగిలి గింజ రాలుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. సైకిలు మీద ఎన్నిసార్లు వెళ్ళలేదు దానిమీద? పుస్తకం తెరిచిన క్షణంలో అదంతా నా కళ్ళకి కనబడడం మానేసింది.

మాఘమాసం పోయాక ఒక మధ్యాహ్నం, కొత్త పైపు పరీక్షకని మేమిద్దరమే మోపిదేవి బయల్దేరాం. కారు నిజంగానే లాగింది. ఎప్పుడూ మమ్మల్ని దాటిపోయే వ్యాన్లని మేమే దాటాం. బావ స్టీరింగు మీద దరువేస్తూ, “ఒరేయ్, నువ్వు ఇంజనీరువి కావాల్సినోడివిరా” అన్నాడు. ఆ మాట ఎంత బాగుందో దాచను.

చల్లపల్లి దాటాక ఒక ఊరి చివర రోడ్డంతా మినుము పరిచి ఉంది. బావ నెమ్మదిగా దానిమీదికి ఎక్కించాడు. అవతల కొసదాకా వెళ్ళాక ఎదురుగా బస్సు వస్తోందని ఆగాం. అప్పుడే కాలిన వాసన. అద్దంలో చూస్తే మా వెనకాలే పొగ. పైపుకి చుట్టుకున్న ఎండు తీగలు అంటుకుని కిందికి రాలుతున్నాయి. బావ కారు ముందుకి ఉరికించాడు. సముద్రపు గాలి మిగతా పని చేసింది. దిగి వెనక్కి పరుగెత్తాం. జనం వేపమండలతో కొట్టారు, కాలవ అడుగున మిగిలిన నీళ్ళు బిందెలతో పోశారు. ఆర్పేటప్పటికి రోడ్డు మీద నల్లటి చారే మిగిలింది.

ఆ పంట నాంచారయ్య అనే కౌలురైతుది. కౌలు కింద వరి ధాన్యం పొలం ఆసామికి కొలిచేస్తారు. వెనకాల చల్లిన మినుము మాత్రం పూర్తిగా కౌలుదారుదే. ఏడాదికి వాళ్ళకి మిగిలేది అదే. అదే కాలిపోయింది.

ఎలా అంటుకుందో ఎవరూ చూడలేదు. మా కారు అప్పటికే కొంచెం ముందుకి పోయి ఆగి ఉంది. నాంచారయ్య భార్య కోటేశ్వరమ్మ మసి చేతులతోనే నా దగ్గరికి వచ్చింది. నా చొక్కా జేబులో పెన్ను చూసిందేమో.

“మీరు సదువుకున్నోరల్లే ఉన్నారు బాబూ. ఎట్టా అంటుకుందండీ ఇది? పొద్దుటినుంచీ ఎన్ని బస్సులు పోయినియ్యి, ఏం కాలేదే!”

నాంచారయ్య గట్టు మీద కూలబడి ఉన్నాడు. చెవి మీద బీడీ ఉంది. నేను దాన్ని చూశాను. తర్వాత ఆవిడ వైపు చూశాను.

“ఎండిన మినపకట్టెకి నిప్పురవ్వ చాలమ్మా. ఎవరన్నా బీడీ పారేశారేమో.”

అదీ ఆ వాక్యం. నేను ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అందరి కళ్ళూ అతని చెవి మీదికే వెళ్ళాయి.

“నీ బీడీ పాడుగాను! నీ నోట్లో మన్నుపడ! పిల్లల నోటికాడ కూడు తగలబెట్టావు గదయ్యా!” అని ఆవిడ గుండెలు బాదుకుంది.

అతను వాదిస్తాడనుకున్నాను. వాదిస్తే అప్పుడైనా నేను నోరు తెరిచేవాణ్ణేమో. అతను చెవి మీది బీడీ తీసి, దానివైపు చూసి, “ఇందాక ఒకటి కాల్చా. ఆర్పే పారేశాననుకున్నా” అన్నాడు. అంతే. నా అబద్ధాన్ని అతనే నమ్మాడు. పైగా లేచి మా దగ్గరికి వచ్చి, “మీ కారుకేం కాలేదు గదండీ?” అని అడిగాడు.

కాలేదన్నాను.

గుడికి వెళ్ళకుండానే తిరిగొచ్చేశాం. మర్నాడు బావ కారు కింద దూరి, పైపుకి అతుక్కున్న నల్లటి తీగ ఒకటి లాగి నా ముందు పడేశాడు. లావు పైపు కోసి పాత సైలెన్సరే పెట్టించాం. ఆ రేకు నేనే మళ్ళీ బిగించాను. అప్పటికప్పుడు బస్సెక్కి ఆ ఊరు వెళ్ళొచ్చు. గంటన్నర ప్రయాణం. వెళ్ళలేదు. ఎందుకు? నష్టం కట్టమంటారని మొదట అనుకున్నాను. కాదు. పుస్తకం చదివి కూడా తప్పు చేశానని ఒప్పుకోవాలి. నన్ను నేను ఇంజనీరనుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే. దాన్ని వదులుకోలేకపోయాను.

ఆ ఏడే ఆసామి, నిప్పుతో జాగ్రత్త లేని మనిషని చెప్పి, నాంచారయ్య దగ్గర్నుంచి పొలం తీసేసుకున్నాడట. అతను మళ్ళీ బీడీ ముట్టలేదట. చల్లపల్లి వైపు నుంచి వచ్చిన ఒక భక్తుడు కారులో చెప్పాడని బావ అన్నాడు. పోనీలే, బీడీ మానేశాడు, ఆరోగ్యం బాగుపడి ఉంటుంది అని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత సిగ్గుమాలిన ఓదార్పు! చెయ్యని తప్పుకి ఒక మనిషి తనని తాను శిక్షించుకుంటూ ఉంటే, దాన్ని నా ఖాతాలో పుణ్యంగా రాసుకోబోయాను.

సాంబయ్య బావ పోయి చాలా కాలమైంది. కిందటేడు ధైర్యం చేసి ఆ ఊరు వెళ్ళాను. నాంచారయ్య కుటుంబం రొయ్యల చెరువుల పనికి వెళ్ళిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. రోడ్డు మీద ఎవరిదో మినుము పరిచి ఉంది. బస్సు దానిమీదనుంచి వెళుతుంటే కింద కాయలు చిటపటమన్నాయి. నేను కిటికీలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాను, పొగ వస్తుందేమోనని.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సినవాళ్ళు మీరు కారు. ఆ మధ్యాహ్నం నా ఎదుట నిలబడి కోటేశ్వరమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు ఇంకా బాకీ ఉంది. ఆవిడ వినకపోయినా, ఒక్కసారి పైకి అననివ్వండి.

బీడీ కాదమ్మా. మా కారు.