నక్కతోక అమ్మణ్ణిని నిద్ర లేపకూడదు

గూడూరు నుంచి కుప్పం దాకా జల్లెడ పట్టినా, పెద్దోళ్లు కొని దాచుకునే కలెక్షన్ బొమ్మల గురించి నా అంత తెలిసినవాడు మీకు దొరకడు. ఈ మాట పోయిన దసరాకు ముందు మా మామ ఎదురుగా కాలు మీద కాలేసుకుని చెప్పినాను. అప్పటికి అట్లాంటి బొమ్మలు ఉన్నాయని నాకు తెలిసి మూడు రోజులు. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసినాను. నాలుగోది సగంలో నిద్రపోయినాను.

ఆ చూడని సగం వల్ల మా ఇంట్లో ఎంత గందరగోళం అయిందో చెప్తాను, టీ తాగతా వినండి. చివరికి మంచే జరిగింది. ఎట్లా జరిగిందని మాత్రం నన్నడగొద్దు, నాకిప్పటికీ అయోమయంగానే ఉంది.

మా మామకు రేణిగుంట రోడ్డులో బొమ్మల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, రెండు మిషన్లు. గలగలమనే గిలకలు, ఈలలు, తాడు కట్టి లాగితే తల ఊపుకుంటా వచ్చే బాతు. తిరుపతి చుట్టుపక్కల పుట్టిన పిలకాయల్లో మా గిలకను నోట్లో పెట్టుకోనివాళ్లు తక్కువ. డిగ్రీ పూర్తి చేసి నేను ఆ షెడ్డులో చేసే ఉద్యోగం గిలకల్లో గింజలు పోయడం. సంబంధాల వాళ్ల దగ్గర మా అమ్మ దాన్ని 'ప్రొడక్షన్' అంటుంది.

ఒకరోజు మామ నన్ను పిలిచి కూర్చోబెట్టినాడు.

"ఒరే చందూ, పెద్ద కంపెనీలన్నీ ఇప్పుడు పెద్దోళ్లకు బొమ్మలు చేస్తా ఉండాయంట. మనం కూడా ఆ పక్క పోదామా, వద్దా?"

"పోవాల మామా. ఫ్యూచర్ అంతా అదే. లిమిటెడ్ ఎడిషన్. నంబర్లేసి కొన్నే చేస్తారు. కొన్నోళ్లు పెట్టె కూడా తెరవరు."

"తెరవకుండా ఎట్ల ఆడుకుంటారు?"

"ఆడుకోరు."

"మరి?"

"పెట్టుకుంటారు."

"యాడ?"

"అల్మారాలో. చూపిస్తారు, ముట్టుకోనియ్యరు."

మామ చేతిలోని గిలకను రెండుసార్లు ఆడించినాడు. ఆలోచన ముదిరితే ఆయన చేసేది అదే.

"నేను చేసిన బొమ్మను పిలకాయ నేలకేసి కొడతాడు, కొరకతాడు, దాని మీద ఉచ్చ పోస్తాడు. అదంతా తట్టుకుంటేనే బొమ్మ అనుకుంటి ఇన్నాళ్లు. ఆడుకోకూడనిది బొమ్మ ఎట్లవుతాదిరా?"

దానికి జవాబు బహుశా ఆ వీడియో రెండో సగంలో ఉండి ఉంటుంది. నేను మాత్రం "అది వేరే లెవెల్ మామా" అన్నాను. జవాబు తెలియని చోట ఆ మాట బాగా పనికొస్తుంది.

దసరా మూడో రోజు చెన్నై నుంచి కార్తిక్ అనే ఆయన వచ్చినాడు. ముప్పై ఏళ్లుంటాయి, గడ్డం మీద ఎక్కడో పచ్చ రంగు చుక్క. ఇట్లాంటి బొమ్మలు చేత్తో చేసి, చేత్తో రంగులు వేసే మనిషి. మామ సరేనంటే ఇద్దరూ కలిసి చేద్దామని ఆయన ఆలోచన. మచ్చుకు ఒక పెట్టె తెచ్చి, చంటిబిడ్డను అందించినట్టు మామ చేతుల్లో పెట్టినాడు. పెట్టె మీదే బొమ్మ ఫోటో ఉంది. జానెడు పిల్ల, నీలం జుట్టు, చేతిలో గొడుగు, వెనకాల ఇంత లావు నక్కతోక. ఒంటికాలి మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"సార్, సీల్ మాత్రం తియ్యకండి. ఇది ఒక కస్టమర్‌కు మాటిచ్చేసినాను. సీల్ పోతే ఆయన తీసుకోడు. విజయదశమి సాయంత్రం నేనే వచ్చి పట్టుకుపోతాను. అంతలోపల మీరు ఆలోచించండి. పెట్టె ఎట్లా చూసుకుంటారో చూస్తే, నాకు కూడా మీ గురించి అర్థమవుతుంది."

ఆయన పోయినాక మామ పెట్టెను నాకిచ్చి మెల్లగా అన్నాడు. "నీ మాట నమ్మి ఇంతదూరం వచ్చినా. ఈ పెట్టె ఇట్లనే వాపస్ పోయిందా, కొత్త లైన్ నీకే అప్పగిస్తా. ఏమన్నా తేడా వచ్చిందా, రిటైర్ అయ్యేదాకా గిలకల్లో గింజలే."

నా భవిష్యత్తంతా అట్టపెట్టెలో ఉందన్నమాట. ఇంటికి తెచ్చి అవ్వ గదిలో బీరువా మీద పెట్టినాను. అవ్వ అంటే మామ వాళ్లమ్మ, మా అమ్మమ్మ. మా వీధిలో ఆమె బొమ్మల కొలువుకు పేరుంది. ఏడు మెట్లు. పైమెట్టు మీద ఆమె పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చిన మరపాచి జంట, ఎర్రచందనం కొయ్యలో చెక్కిన మొగుడూ పెళ్లామూ. కింద దేవుళ్లు, శెట్టీ శెట్టెమ్మా, తల ఊపే ముసలాయన, చివరి మెట్టు మీద మా ఫ్యాక్టరీ బాతు. ఏడాదంతా పాత పంచెల్లో చుట్టి అటక మీద ఉండి, తొమ్మిది దినాలకు కిందికి దిగుతాయి.

రెండు రోజుల తర్వాత, సాయంత్రం. మామా నేనూ షెడ్డు నుంచి ఇంటికి వస్తిమి. చూస్తే పెట్టె తెరిచి ఉంది, ఖాళీగా. నక్కతోక పిల్ల మూడో మెట్టు మీద, దేవుళ్ల మధ్యలో ఉంది. నుదుట కుంకుమ, బుగ్గలకు పసుపు. జాకెట్టు ముక్కతో కుట్టిన ఎర్ర పట్టుపావడా నేల దాకా. ఇత్తడి గిన్నెలో బియ్యం పోసి, అందులో గుచ్చి నిలబెట్టి ఉంది.

మామ గోడకు ఆనుకున్నాడు.

"అమ్మా, ఏందిమా ఇది?"

"ఏంది అంటే? బొమ్మ."

"సీలుమా. సీలు తీసేస్తే ఎట్ల?"

"ఏటా కొలువుకు ఒక కొత్త బొమ్మ రావల్ల గదా. ఈ ఏడు మీరు ఎవురూ తెచ్చింది లేదు. ఇంట్లో బొమ్మను పెట్టుకుని, దానికి ఊపిరాడకుండా పెట్టెలో మూసి పెడతారా? ఆడబిడ్డరా అది."

"ఆ పావడా ఎందుకమ్మా?"

"కాళ్లు కనపడతా ఉంటే బాగుంటాదా?"

మామ నా వైపు చూసినాడు. నేను బాతు వైపు చూసినాను.

"సరే, దించి పెట్టెలో పెట్టేస్తా. ఏమన్నా గమ్ముతో అంటించొచ్చేమో" అని మామ చెయ్యి చాచినాడు. అవ్వ ఆ చేతి మీద ఒకటేసింది. కొలువులో కూర్చోబెట్టిన బొమ్మను పండగ అయ్యేదాకా దించకూడదు. ఈ నియమం మా ఇంట్లో సీలు కన్నా గట్టిది. యాభై ఎనిమిదేళ్ల మామ చెయ్యి వెనక్కి తీసుకుని తుడుచుకున్నాడు.

ఇంక రోజూ సాయంత్రం పేరంటాలు. వీధిలోని ఆడవాళ్లంతా వస్తారు, పాట పాడతారు, తాంబూలం, గుగ్గిళ్లు తీసుకుంటారు. ఈసారి ఒక్కరు కూడా దేవుళ్ల దగ్గర ఆగలేదు. ఎదురింటి సరోజమ్మక్క కళ్లద్దాలు పెట్టుకుని మరీ వంగింది.

"అవ్వా, ఈ అమ్మణ్ణి ఎవురు?"

"కొత్తగా వచ్చింది."

"తోకుండాదే."

"నక్కతోక. రోజూ తొక్కి బయటికి పోతే మంచిదే గదా."

"యాడ దొరికిందవ్వా? మా ఇంట్లో పదైదేళ్లుగా అవే బొమ్మలు. అంగళ్లలో కూడా అవే. పోయినేడు మా కోడలు విసుక్కుని ప్లాస్టిక్ జిరాఫ్‌ను పెట్టింది."

నేను గుగ్గిళ్లు పంచతా వింటా ఉన్నాను. వినేకొద్దీ బుర్ర తిరిగింది. వీళ్లు ఏటా ఒక బొమ్మ కొంటారు. ఆడుకోరు. మెట్ల మీద పెడతారు. పిలకాయలు ముట్టుకుంటే కసురుకుంటారు. ఏ బొమ్మ ఏ ఏడాది వచ్చిందో ఒక్కొక్కరికీ నోటికొచ్చు. మరి ఆ వీడియోలోని వాళ్లెవరు? వీళ్లెవరు? నేను మామకు 'ఫ్యూచర్' అని చెప్పింది మా అటక మీద పంచెల్లో చుట్టుకుని ఉండిందా? అట్లయితే వీళ్లకు పెట్టె అంటే అంత అలుసెందుకు?

ఆ మాట మామతో అంటే, ఆయన గిలక ఆడించినాడు. "నన్ను ఇంకా తికమక పెట్టొద్దురా. ముందు ఆయనకు ఏం చెప్పాలో చెప్పు."

విజయదశమి సాయంత్రం అవ్వ హారతి ఇచ్చింది. హారతి అయినాక కొలువులోంచి ఒక బొమ్మను పడుకోబెట్టాలి. తొమ్మిది దినాలు నిలబడినాయి గదా, ఒకరు పడుకుంటే అందరూ పడుకున్నట్టు. తెల్లారినాక లేపి, అన్నిటినీ మూటగట్టి అటక ఎక్కించాలి. ఎప్పుడూ మరపాచి ఆడబొమ్మ పడుకునేది. ఈసారి అవ్వ వంగి, బియ్యం గిన్నెలోంచి నక్కతోక అమ్మణ్ణిని రెండు చేతులతో తీసి, మెట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టింది. మీద చేతిరుమాలు కప్పింది. నిలువునా మెడ దాకా.

సరిగ్గా అప్పుడు వాకిట్లో కార్తిక్ చెప్పులు విప్పతా ఉన్నాడు.

మామ ఎదురు పోయి చేతులు పట్టుకున్నాడు. జరిగింది చెప్పినాడు. సీలు, కుంకుమ, పావడా, అన్నీ. కార్తిక్ ముఖం గంజి పెట్టిన గుడ్డ మాదిరి అయిపోయింది. "సరే సార్" అన్నాడు. "బొమ్మను ఇచ్చేయండి. పోతాను."

అవ్వ అడ్డం వచ్చింది. "ఇప్పుడు కాదు నాయనా. పడుకుంది."

"ఎవరు?"

"అమ్మణ్ణి. తెల్లారేదాకా లేపకూడదు."

కార్తిక్ నా వైపు చూసినాడు, అవ్వ తమాషా చేస్తా ఉందేమోనని. నేను తల అడ్డంగా ఊపినాను. మా ఇంట్లో ఈ విషయంలో తమాషాలు లేవు.

"నాకు బస్సుంది పాటీ" అన్నాడు. కంగారులో వాళ్ల భాషలో అవ్వను అట్లా పిలిచేసినాడు.

"బస్సులు తెల్లార్లూ ఉంటాయిలే. చెడిపోయిన నిద్ర తిరిగొస్తాదా? కూర్చో. గుగ్గిళ్లు తిను."

పాపం, కూర్చున్నాడు. తిన్నాడు. కోపం ఉన్నా కళ్లు మెట్ల మీదికే పోతా ఉన్నాయి. అవ్వ అది చూసి ఒక్కో బొమ్మ కథా మొదలుపెట్టింది. ఈ శెట్టెమ్మ కార్వేటినగరంలో చెల్లెలింట్లో కొలువు మానేసినప్పుడు వచ్చింది. ఈ ముసలాయన తల మూడుసార్లు ఊడింది. కార్తిక్ లేచి మరపాచి మొగుడి దగ్గరికి పోయినాడు.

"ముక్కు లేదే పాటీ. ముక్కు పోతే విలువ తగ్గిపోదా?"

"తగ్గేది ఏముండాది? ఆ ముక్కు కొరికింది మావాడు, పాలపండ్లతో" అని మామను చూపించింది. "అందుకే గదా దాన్ని ఎవురడిగినా ఇయ్యనిది."

మామ తల వంచుకున్నాడు. కార్తిక్ ఆ లేని ముక్కు మీద వేలు పెట్టి, పండ్ల గాట్లు తడిమి చూసినాడు. ఆ తర్వాత బస్సు మాట ఎత్తలేదు. మా ఇంట్లోనే పడుకున్నాడు.

తెల్లారి అవ్వ స్నానం చేసి వచ్చి, అమ్మణ్ణి చెవిలో "లే తల్లీ" అని, రుమాలు తీసి, బొమ్మను కార్తిక్ చేతికిచ్చింది. ఆయన పావడా కొంచెం పైకెత్తినాడు. మడమ దగ్గర కాలు విరిగి ఉంది.

మామ నోరు తెరిచినాడు.

అవ్వ ముందు మాట్లాడింది. "పడుకోబెట్టేటప్పుడు విరిగింటాది నాయనా. చేతులు వణకతాయి నాకు. తప్పు నాదే, సీలు తీసింది కూడా నేనే."

కార్తిక్ విరిగిన కాలిని చూసినాడు, పావడా కుట్టు చూసినాడు. పైమెట్టు మీద ముక్కులేని ఆయన్ను చూసినాడు. అమ్మణ్ణిని మళ్లీ తీసుకుపోయి బియ్యం గిన్నెలో గుచ్చినాడు.

"ఈమె ఇక్కడే ఉండనీ పాటీ. కస్టమర్‌కు ఇంకొకటి చేసి నేనే సర్దిచెప్పుకుంటాను." తర్వాత మామ వైపు తిరిగినాడు. "సార్, మనం చేద్దాం. కానీ పెట్టె తెరవనోళ్లకు కాదు. తెరిచేవాళ్లకు. ఏడాదికి ఒకటే, దసరాకు."

చేతిలో గిలక లేదు కాబట్టి మామ తాళాల గుత్తి ఆడించినాడు. "చేద్దాం సామీ. అయితే రెండు కాళ్లూ నేల మీద ఉండల్ల. మడమ లావుగా ఉండల్ల."

కొత్త లైన్ ఎవరికి అప్పగించినారో చెప్పండి. అవ్వకు. డిజైన్ ఆమె ఒప్పుకుంటేనే మిషన్ తిరుగుతుంది. మొన్ననే ఒక డిజైన్‌ను 'ముఖంలో కళ లేదు' అని వెనక్కి పంపింది.

నాకూ కొత్త ఉద్యోగం దొరికింది. గింజలు పోయడం తప్పింది. ప్రతి అచ్చులోంచి వచ్చిన మొదటి బొమ్మను మామ నా చేతికిస్తాడు. "వీడికి ఒక గంట ఇయ్యండి. విరక్కపోతే మార్కెట్‌కు పంపొచ్చు" అంటాడు. ఆయనకు అవ్వ ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో నేను అడగలేదు.

సరే, టీ అయిపోయింది. ఇంక దాచి లాభం లేదు.

నేనేమన్నాను? 'పెట్టె తెరిచి ఉంది' అన్నాను. ఎవరు తెరిచినారని అన్నానా? ఆ రోజు మధ్యాహ్నం భోజనానికని నేను ఒక్కణ్ణే ఇంటికి వచ్చినాను. ఫోటోలో ఉన్న ముఖమూ లోపలి ముఖమూ ఒకటేనా అని చూద్దామని, ఒక్క పక్క మాత్రం బ్లేడుతో సీలు కోసినాను. చూసినాను. బాగుంది. తిరిగి పెట్టేసి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆ గొడుగును చూస్తే కత్తి మాదిరి ఉంది. దించకూడదని తెలిసీ, పైమెట్టు మీది మరపాచి మొగుణ్ణి దించినాను. ఇద్దరికీ యుద్ధం పెట్టినాను. రెండు గొంతులూ నావే, కత్తుల శబ్దం కూడా నోటితోనే. మూడో రౌండులో మడమ టక్కుమంది.

తల తిప్పి చూస్తే గడపలో అవ్వ. ఎప్పటినుంచి నిలబడి ఉందో తెలియదు. తిట్టలేదు. విరిగిన బొమ్మను తీసుకుంది, పాత జాకెట్టు ముక్క కోసం తన ట్రంకుపెట్టె తెరిచింది. సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎవురు గెలిచినార్రా?"

"మరపాచి తాత, అవ్వా" అన్నాను. నాకు ఇరవై ఆరేళ్లు.