ఉయ్యాల మంచిదే

చలికాలంలో ఆదిలాబాద్ అడవుల్లో సర్వే క్యాంపు అనగానే, మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన కాన్వాసు ఉయ్యాల ఒకటి కొన్నాను. నేల మీద గడ్డి పరుచుకుని గొంగళ్లు కప్పుకునే మా కూలీలను చూసి జాలి కూడా పడ్డాను. తేళ్లు, తేమ, వాళ్ల ఖర్మ. నేను మాత్రం రెండు టేకుచెట్ల మధ్య దర్జాగా వేలాడుతూ, తెచ్చుకున్న మూడు రగ్గులూ మీద కప్పుకున్నాను.

చలి కిందినుంచి వచ్చింది. తెల్లారి నా పళ్లు టకటకలాడుతుంటే, సర్వే గొలుసు పట్టే ముసలాయన అన్నాడు: "రగ్గులన్ని మీదనే కప్పుకుంటిరి సారూ, కిందికెల్లి గాలి కొట్టదా?"

అంత చిన్న సంగతి నాకు తట్టనందుకు ఆయన మీదే కోపం వచ్చింది. రెండో రాత్రి రగ్గులన్నీ వీపు కింద వేసుకున్నాను. అవి నా బరువుకు అణిగి అట్టలయ్యాయి. పైనుంచి మంచు కురిసి నన్ను తడిపింది.

మూడో రాత్రి ఉయ్యాల కిందనే గడ్డి పరిచి, ముసలాయన ఇచ్చిన గొంగడి కప్పుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

పొద్దున ఆయన నా మీద వేలాడుతున్న తడి కాన్వాసును తట్టి చూశాడు.

"ఉయ్యాల మంచిదే సారూ. నా గొంగడి మీద చుక్క పడనియ్యలే."