కారణం అడిగిన అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున మామయ్య ఫోన్ చేసి, "నిద్రల్నే పోయింది బిడ్డా" అన్నాడు. నాన్నకు ఆమె అక్క. మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. అందుకే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఎవరిని కదిలించినా సాఫ్ట్‌వేర్ మాటే వినపడే రోజుల్లో, డిగ్రీ పూర్తి చేసి యూసుఫ్‌గూడలో అత్తమ్మ వాళ్లింట్లో ఉండి ఉద్యోగం వెతుక్కున్నాను. ఆమె జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ఆఫీసులో పనిచేసేది. ఇళ్లలో జరిగే అగ్నిప్రమాదాల రిపోర్టులు దేశంలోని అన్ని రాష్ట్రాల నుంచీ అక్కడికి వచ్చేవి. వాటిని ఒకే తీరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. నన్నూ అందులోనే పెట్టించింది.

కారణం అన్నచోట ఎక్కువగా రెండే మాటలు ఉండేవి: షార్ట్ సర్క్యూట్, లేదంటే తెలియదు. మేం చూసింది చూసినట్టు ఎక్కించేసేవాళ్లం. అత్తమ్మ ఆగిపోయేది. "తెల్వదు అంటే ఎవ్వరు అడగలేదని" అనేది. టిఫిన్ డబ్బా మూత తీసి, తినకుండా అట్లాగే కూర్చున్న మధ్యాహ్నాలున్నాయి.

ఒకసారి ఫిలింనగర్ బస్తీలో కాలిన ఇంటి రిపోర్టు వచ్చింది. సినిమాలకు బట్టలు కుట్టే ఒకామె కూతురు, ఇంటర్ చదివే పిల్ల, చనిపోయింది. కారణం షార్ట్ సర్క్యూట్ అని ఉంది. ఆ సాయంత్రం అత్తమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. ఆ తల్లి పక్కింటి అరుగు మీద ఉంది. అత్తమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. ఏమీ అడగలేదు. కాసేపటికి ఆ తల్లే మొదలుపెట్టింది.

"కరెంటే లేదమ్మా ఆ పొద్దు. కొవ్వొత్తి పెట్టుకొని సదువుతుండె. పక్కన నైలాన్ డాన్సు బట్టలు. తలుపుకాడనే మంట లేసింది. కిటికీకేమో ఇనుప గ్రిల్లు. బయటికెల్లి గుంజిన. రాలే."

"గీ మాట నిన్ను ఎవరన్న అడిగిన్రా?"

"లేదమ్మా."

అత్తమ్మ ఆమె చేయి పట్టుకుని చీకటి పడేదాకా వదల్లేదు.

మర్నాడు మేనేజర్, "ఒక్క రిపోర్టు కోసం ఇంత తిరగడం ఎందుకండీ?" అన్నాడు.

"మన పక్కన జరిగిందే తప్పు రాసిన్రు సార్. దూరంకెల్లి వచ్చినయి ఒప్పని ఎట్ల నమ్ముదాం?"

ఆమె నెలల తరబడి ఆయన వెంటపడింది. చివరికి ఫైర్ వాళ్లు నింపే రిపోర్టు ఫారంలో కొత్త ప్రశ్నలు చేరాయి. మొదట ఏది అంటుకుంది? ఆ పూట కరెంటు ఉందా? బయటపడడానికి ఇంకో దారి ఉందా? జవాబులు రావడం మొదలయ్యాక, తెరుచుకోని గ్రిల్లుల మాట ఊరూరి నుంచీ వచ్చింది. ఒక్క కిటికీకైనా తెరుచుకునే గ్రిల్లు పెట్టించుకోండని ఫైర్ సిబ్బంది బస్తీల్లో చెప్పసాగారు. ఫిలింనగర్‌లోనూ చెప్పారని పరుగున వచ్చి అత్తమ్మకు చెప్పాను.

"ఆ పిల్లకు అందలే" అంది. అంతే.

ఆ తర్వాత తన రవికలన్నీ ఆ తల్లి దగ్గరే కుట్టించుకుంది. కొలతలు అటూ ఇటూ అయినా ఒక్కమాట అనేది కాదు.

అత్తమ్మ పోయాక దినాలు అయ్యేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించలేదు, ఇరుగుపొరుగు వాళ్లే అన్నం తెచ్చిపెట్టారు. ఆ మర్నాడు పొద్దున మామయ్య తనే స్టవ్ వెలిగించి పాలు పెట్టాడు. నేను చూసుకుంటానన్నా వినలేదు. పాలు పొంగాయి, మంట ఆర్పేశాడు. ఆర్పాక కూడా స్టవ్ మీంచి చేయి తీయకుండా అక్కడే నిలబడి, చల్లారుతున్న గిన్నెను చూస్తూ ఉన్నాడు.